మూడు వేల దగ్గర ఆపాను

జూన్ 3

టైపిస్టుకు నా మీద కోపం వచ్చింది. నాలుగో అధ్యాయంలో ఏ వాక్యం చూసినా ఆ సంఖ్యే ఉందట. "మేడమ్, ఈ పన్నెండంకెల దండ ప్రతి లైనుకూ వెయ్యాలా? 'పై సంఖ్య' అని కొట్టేస్తే పోదా?" అంది. కుదరదన్నాను. 168003672409 అని ఎక్కడికక్కడ నిండుగా ఉండాల్సిందే. పదహారు వేల ఎనిమిది వందల కోట్ల ముప్పై ఆరు లక్షల డెబ్భై రెండు వేల నాలుగు వందల తొమ్మిది అని నోటితో చదివి కూడా వినిపించాను. ఆవిడ అలాగే అని తల ఊపి, ఆ మరు లైనులోనే ఒక సున్నా ఎగరగొట్టింది. కార్బన్ కాపీలన్నిటినీ బ్లేడుతో గీకి దిద్దేసరికి నా వేళ్లు నల్లబడ్డాయి.

మూడో అధ్యాయం పొద్దున ఇస్తే సారు సాయంత్రానికల్లా సంతకం పెట్టి పంపారు. ఒక్క దిద్దుబాటు లేదు. మొదటి రెండు అధ్యాయాలకూ అంతే. ఈ డిపార్ట్‌మెంటులో ఇంకెవరికీ ఇంత అదృష్టం పట్టలేదు. కుళ్లుకునేవాళ్లు కుళ్లుకోనీ.

జూన్ 5

ఈరోజు సారు గదిలోంచి బంగారం గారి కాగితాలు వరండాలోకి ఎగిరొచ్చాయి. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. ఆయన లేనప్పుడు సారు "మా బంగారం" అంటారు, ఎదురుగా ఉంటే "గాడిదా" అంటారు. సారు దగ్గరే డాక్టరేటు చేశాడు, ఉద్యోగం పర్మినెంటు అయింది, తలలో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా తిట్లు తప్పడం లేదు.

"ఒరేయ్, 'ఇది స్పష్టం' అని రాశావు. ఎవడికిరా స్పష్టం? నీకా, నాకా, ఈ గోడకా?"

వరండా అంతా వినబడింది. నేను వంగి కాగితాలు ఏరి ఇచ్చాను. ఆయన ముఖం ఎర్రగా ఉంది గానీ, చెప్పొద్దూ, లోపల ఎక్కడో నవ్వుతున్నట్టే ఉంది. సిగ్గులేని మనిషి.

నన్ను సారు ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. "కానీయమ్మా, బాగానే ఉంది" అంటారు. నమ్మకం అంటే అదీ.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, వైవా ఎప్పుడని. వచ్చే నెల ఎనిమిదో తారీకు అన్నాను. అది అయితే ఆ నెలాఖరు సమావేశంలోనే నా ఉద్యోగం ఖాయం చేస్తారు. కాకపోతే టెంపరరీ ఆర్డరు ఈ టర్ముతో సరి. అక్కకు ఇది ఎన్నిసార్లు చెప్పానో. అయినా మళ్లీ అడిగి, మళ్లీ విని, వేలు మడుచుకుంటుంది. వాళ్ల టెలిఫోను ఎక్స్ఛేంజికి ఆటోమేటిక్ మిషన్లు వస్తున్నాయి. ఆపరేటర్లను ఏడాదిలోగా ఇంటికి పంపేస్తారట. రోజంతా చెవులకు తీగలు తగిలించుకుని "లైన్లో ఉండండి, దయచేసి లైన్లో ఉండండి" అని మెత్తగా మాట్లాడి మాట్లాడి, ఇంటికొచ్చాక గొంతు విప్పుతుంది. ఈరోజు పాలవాడి మీద విప్పింది.

"ఇంతకీ ఆ నంబరుకు అంత గొప్పేముందే?" అంది తర్వాత.

"దాన్ని ఏదీ తెగ్గొయ్యలేదక్కా. ఒకటీ, అదీ తప్ప ఇంకే సంఖ్యతో భాగించినా శేషం మిగులుతుంది. ప్రధాన సంఖ్య."

"అన్నిటితోనూ భాగించి చూశావా?"

"మూడు వేల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ చూశాను. ఆపైన పరీక్షలు పెట్టాను."

పరీక్ష ఏమిటో చెప్పబోయాను. రెండును తనతో తాను గుణించుకుంటూ పోవాలి, మన సంఖ్య కంటే ఒకటి తక్కువ సార్లు. వచ్చినదాన్ని మన సంఖ్యతో భాగిస్తే శేషం ఒకటి రావాలి. ప్రధాన సంఖ్య అయితే ఆ ఒకటి వచ్చి తీరుతుంది. రెండుతో చేశాను, మూడుతో, ఐదుతో, ఏడుతో చేశాను. నాలుగుసార్లూ ఒకటే వచ్చింది. ఇదంతా చెబుతుంటే అక్క అప్పటికే పాలవాడి సంగతి మళ్లీ మొదలుపెట్టింది.

ఒకటి వచ్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య అయిపోదు, నాకు తెలియక కాదు. 561 ఉంది. మూడు, పదకొండు, పదిహేడు కలిసి వేసే వేషం అది. ఆ మూడూ తగలని పరీక్షలన్నిట్లోనూ చక్కగా ఒకటి చూపిస్తుంది. అలాంటి దొంగలు ఉన్నారు. కానీ పెద్ద సంఖ్యల్లో చాలా అరుదు. మూడు వేల వరకు భాగించి చూశాక ఇంకా అనుమానమేమిటి? సారే అన్నారు, "మూడు వేల దాకా చాలమ్మా, ఆపెయ్" అని. ఆ సంఖ్యను నాకు ఇచ్చిందీ సారే.

జూన్ 6

టైపిస్టు సెలవు.

జూన్ 9

రిపేరుకు పోయిన లెక్కల మిషన్ తిరిగొచ్చింది. హ్యాండిల్ ఇప్పుడు ఎంత తేలిగ్గా తిరుగుతోందో చూడండని మెకానిక్ గొప్పలు చెప్పి, సంతకం పెట్టించుకుని పోయాడు. మధ్యాహ్నం నాకు క్లాసు లేదు, టైపిస్టు రాలేదు. ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి భాగించి చూద్దామనుకున్నాను. నా వేళ్లకు అలవాటైన సంఖ్య ఒక్కటే. అప్పట్లో ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టాను. 3001, శేషం మిగిలింది. 3011, మిగిలింది. 3019. 3023. మిషన్ బాగానే పనిచేస్తోంది అనుకుంటూ 3037 వేశాను.

శేషం చూపే గడుల్లో అన్నీ సున్నాలు.

నవ్వొచ్చింది. బాగు చెయ్యమంటే పాడు చేసి పంపారు.

జూన్ 10

మెకానిక్‌ను మళ్లీ పిలిపించి, నోటికొచ్చినట్టు అన్నాను. పాపం, అన్ని మరలూ విప్పి, తుడిచి, నూనె వేసి బిగించాడు. వేరే లెక్కలు వేసి చూశాను, అన్నీ సరిగ్గా వచ్చాయి. నా సంఖ్య దగ్గరే తప్పుతోంది. ఈ మిషన్‌కు నా మీద ఏదో కక్ష ఉంది.

జూన్ 11

చేత్తో వేశాను. 3037ను, మిషన్‌లో జవాబుగా వచ్చిన 55318957తో గుణించాను. పై నుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి.

కళ్లు మండుతున్నాయి. సరిగా కనబడడం లేదు. అద్దాలు మార్చాలి. రేపు చూస్తాను.

జూన్ 12

చూడలేదు.

జూన్ 14

చూశాను.

168003672409 = 3037 × 6073 × 9109.

మూడూ ప్రధాన సంఖ్యలే. ఒకటి కాదు, మూడు ముక్కలు.

మూడు వేల దగ్గర ఆపాను. ఇంకో ఐదు భాగహారాలు చేసి ఉంటే దొరికిపోయేది. ఐదు! ఒక మధ్యాహ్నం పని కూడా కాదు, మొన్న తోచక కూర్చుని చేసిన పని. ఆ ఐదూ చెయ్యకుండా దాని మీద ఒక అధ్యాయం రాశాను, సిద్ధాంతం కట్టాను. ఈ సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషాల్లో సున్నా తప్ప ప్రతిదానికీ ఒక జత ఉంటుందని, ఆ రెంటినీ గుణిస్తే శేషం ఒకటి వస్తుందని దాంట్లో వాదించాను. 3037కు జత ఏది? లేదు. ఉండదు. జత లేనివి కోట్ల కొద్దీ పుట్టుకొచ్చాయి. అధ్యాయం మొత్తం చెత్తబుట్టలో వెయ్యాల్సిందే.

ఎంత మోసం! అది కూడా ఎంత ముచ్చటైన మోసం! మూడింటిలోంచీ ఒక్కొక్కటి తీసేస్తే 3036, 6072, 9108. మొదటిదానికి రెండింతలు రెండోది, మూడింతలు మూడోది. నా సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలే దాన్ని ఈ మూడూ నిశ్శేషంగా భాగిస్తాయి. అందుకే ఏ పరీక్ష పెట్టినా శేషం ఒకటి వస్తుంది. రెండు, మూడు, ఐదు, ఏడు కాదు, కూర్చుని వెయ్యి సంఖ్యలతో పరీక్షించినా, ఈ మూడు ప్రధానాల్లో ఒకదాని గుణిజం తగలనంత కాలం, ఒకటే చూపిస్తుంది. ఇంత వరసగా, ఇంత పొందికగా ఉన్న దొంగను నేను చూడలేదు. ఎవరో కావాలని కూర్చినట్టుంది.

ఇన్నేళ్లూ దీన్ని చంకన పెట్టుకుని తిరిగాను.

జూన్ 16

సారుకు చెప్పాలి. ఎలా చెప్పాలి? పెద్దమనిషి. నన్ను అంత నమ్మారు. సంఖ్య ఆయనే ఇచ్చారు, ఆపమన్నదీ ఆయనే. తన వల్లే నా ఇన్నేళ్ల పని నాశనమైందని తెలిస్తే తట్టుకోలేరు. ఆ దగ్గు ఒకటి, ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం కూడా. నేను ఆలోచించేది ఆయన గురించే.

చెప్పకపోతే? భాగించి చూసే ఓపిక ఎవరికుంది? థీసిస్ లైబ్రరీ బీరువాలోకి పోతుంది, బీరువా తాళం గుమాస్తా జేబులోకి పోతుంది. ఆయనకు బాధ ఉండదు. నాకు ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగం కోసం అనడం లేదు. ఆయన కోసమే.

టైపిస్టు నాలుగో అధ్యాయం పూర్తి చేసింది. ఒక్క తప్పు లేదు.

జూన్ 19

స్టాఫ్ రూమ్‌లో నేనూ బంగారం గారూ మాత్రమే ఉన్నాం. టీ వచ్చింది. ఊరికే అడిగినట్టు అడిగాను.

"సారు మీక్కూడా మొదట్లో ఏదైనా సంఖ్య ఇచ్చారాండీ? పెద్దది?"

"ఆ దొంగదా!" అని ఆయన కప్పు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "నాకు పదకొండంకెలది ఇచ్చారు మేడమ్. ప్రధానం లాగుంది, దాని సంగతి చూడరా అన్నారు. మూడు వేల దాకా భాగించి ఆపెయ్యమన్నారు. నాకు నిద్రపడితేగా! అసలు ఆపమన్నది ఎందుకా అని అనుమానం. ఆపకుండా పోయా. దొరికింది. ఆ కాగితాలు తీసుకెళ్లి ఆయన బల్ల మీద విసిరికొట్టా. ఇదేం వేళాకోళం సారూ అని అరిచా కూడా. ఆ రోజు ఆయన మొహం చూడాలి మీరు. పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. ఆ రోజు నుంచే కదా ఈ తిట్లు." అని మళ్లీ నవ్వి, "అందరికీ ఒకటి ఇస్తాడాయన. దొంగ సంఖ్యని పట్టుకుంటేనే లోపలికి రానిస్తాడు. మీది ఎన్నంకెలది? ఎప్పుడు పట్టుకున్నారు?" అన్నాడు.

పన్నెండు అన్నాను. చాలా రోజులైందిలెండి అన్నాను.

టీ బాగుంది.

జూన్ 20

టీ బాగుందని నిన్న రాశాను. ఎలా ఉందో నాకు తెలియదు.

జూన్ 23

సారు గదికి వెళ్లాను. పెన్సిళ్లు చెక్కుకుంటున్నారు. "రామ్మా, కూర్చో" అన్నారు. నేను కూర్చోలేదు. మూడు ప్రధానాలూ రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. విసిరికొడదామనే వెళ్లాను. చేతులు రాలేదు, మర్యాదగా పెట్టాను.

ఆయన అద్దాలు పైకి జరుపుకుని చూశారు.

"మూడూ దొరికాయా? ఎప్పుడు?"

"ఈ నెలలో."

"ఊఁ" అన్నారు. పెన్సిలు మొన ఊదుకున్నారు.

"మీకు తెలుసు."

"నేను కట్టిందేగా. ఏదో ఒక సంఖ్యకు 6 ఇంతలు, 12 ఇంతలు, 18 ఇంతలు కట్టి, ఒక్కోదానికి ఒకటి కలపాలి. మూడూ ఒక్కసారే ప్రధానాలు పడాలి. అంత తేలిక కాదమ్మా అది. మూడు వేలు దాటాక 506 దగ్గర పడ్డాయి. ఒక రోజంతా పట్టింది." ఇల్లు కట్టినవాడు గోడ చూపించినట్టు చెప్పారు.

"మూడు వేల దాకా చాలని మీరే అన్నారు సారూ."

"అన్నాను. వాడికీ అన్నాను. వాడు ఆగలేదు."

"మీరు చెబితే విన్నాను."

"అవునమ్మా. విన్నావు."

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అదే నన్ను చంపేసింది. కోపమో వెటకారమో ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏడాది చూశాను. ఇవ్వాళ వస్తావు, రేపు వస్తావు అనుకున్నా. నువ్వు రాలేదు. దాని మీద అధ్యాయం రాసుకొచ్చావు. అప్పుడు ఇంకేం చెప్పను? నువ్వు చెప్పినమాట వినే పిల్లవి, ఒళ్లు దాచుకోకుండా పని చేస్తావు. కావలసింది డిగ్రీ, ఓ ఉద్యోగం. అక్కాచెల్లెళ్లు బతకాలి. నీకది చాలనుకున్నా."

నీకది చాలనుకున్నా.

"అదే ఆయన థీసిస్‌లో ఇలాంటి తప్పుంటే?" అన్నాను, పక్కనే ఉన్న బంగారం గారి గదివైపు చూపించి.

"వాడి సంగతి వేరమ్మా" అన్నారు. తర్వాత పెన్సిళ్లన్నీ డబ్బాలో వేసి మూత పెట్టి, "పరీక్షకు వచ్చేది నా స్నేహితుడే. ఇదేం పట్టించుకోడు. నువ్వు కంగారుపడి నోరు జారకు. ఆ ఉద్యోగం వస్తే నాకూ సంతోషమే" అన్నారు.

థ్యాంక్స్ సారూ అని వచ్చేశాను. అలవాటు.

జూన్ 24

సాయంత్రానికల్లా సంతకాలు. ఒక్క దిద్దుబాటు లేదు. చదివితేగా!

జూన్ 25

క్లాసులో ముందు బెంచీ అమ్మాయి మేడమ్ ఒకే లైను రెండుసార్లు రాశారని పక్కదానికి చెబుతుంటే విన్నాను. బోర్డు మీద తప్పేమీ రాయలేదు. పాఠం ముగించి దిగాను. వరండాలో "కానీయమ్మా" అని ఎవరో ఎవరితోనో అంటున్నారు, ఒళ్లు భగ్గుమంది. మెచ్చుకోలు అనుకుని నెత్తిన పెట్టుకు తిరిగిన మాట అది. దానర్థం, నీతో నాకు పని అయిపోయిందని. నాకు ఏడుపు రావడం లేదు. ఆయన్ను చూస్తే కోపం, బంగారాన్ని చూస్తే అసూయ, నన్ను చూసుకుంటే అసహ్యం.

జూన్ 27

అక్కకు అంతా చెప్పాను. విన్నంతసేపూ మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు, అదే వింత.

"ఇప్పుడు ఏమంటావు? చెబుతానంటావా వాళ్లకి?"

"చెబితే థీసిస్ తిప్పి పంపుతారు. మళ్లీ రాయడానికి ఏడాది పడుతుంది. అప్పటికి పోస్టు ఇంకెవరికో ఇచ్చేస్తారు."

"మరింకేం? నోరు మూసుకుని డిగ్రీ పుచ్చుకో. నీ నంబరు మూడు ముక్కలైతే ఎవరి కొంప మునిగింది? ఆయనకు తెలుసు, నీకు తెలుసు. నాకు తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. నాలుగు నెలల్లో మా ఎక్స్ఛేంజి బోర్డు పీకేస్తున్నారు, నోటీసు వచ్చింది నిన్న. చెబితే ఏడుస్తావని చెప్పలేదు."

సరే అన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

జూలై 2

బైండింగు అయి వచ్చింది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. నా పేరు పెద్దగా ఉంది. బాగుంది. చేతిలో పట్టుకుంటే బరువుగా కూడా ఉంది. ఎవరైనా ఇంతే చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు, గైడుకు తెలిసే జరుగుతోంది.

జూలై 5

నోరు జారను.

జూలై 7

అక్క నా చీర ఇస్త్రీ చేయించి తెచ్చింది. చాలని అనుకోవడంలో తప్పేముంది? చాలామందికి అంతే చాలు. నాకూ చాలు.

జూలై 8

ముందు జరిగింది జరిగినట్టు రాయాలి.

బల్లకు అవతల ముగ్గురు. సారు, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, కాలేజీ కార్యదర్శి. వెనక కుర్చీల్లో డిపార్ట్‌మెంటు వాళ్లు, బంగారం గారితో సహా. పరీక్షకుడు లావుపాటి మనిషి, థీసిస్ పేజీలు తిప్పుతూ ఆవలింత ఆపుకుంటున్నాడు. మొదటి మూడు అధ్యాయాల గురించి రెండు మూడు ప్రశ్నలు వేశాడు. చెప్పాను. నాలుగో అధ్యాయం తెరిచి, "ఈ సంఖ్యనే ఎందుకు తీసుకున్నారమ్మా?" అన్నాడు.

దానికి జవాబు బట్టీపట్టి ఉంచాను. నోరు తెరిచాను. ఒక్క క్షణం ఆలస్యమైంది, అంతే. సారు అందుకున్నారు.

"అమ్మాయి చాలా కష్టపడిందండీ దీని మీద. నెమ్మదస్తురాలు. చాలా కష్టపడింది."

పరీక్షకుడు తల ఊపాడు. కార్యదర్శి కూడా ఊపాడు. చదువులో తేలనివాళ్ల గురించి చెప్పేటప్పుడు జనం ఎలా తల ఊపుతారో అలాగే ఊపారు. అలా ఎంతమందికి నేనే ఊపానో.

"అది ప్రధాన సంఖ్య కాదండీ" అన్నాను.

పరీక్షకుడు పేజీ తిప్పడం ఆపాడు. నేను లేచి బోర్డు దగ్గరకు వెళ్లి రాశాను. 3037, 6073, 9109. కింద 3036, 6072, 9108. ఒకదాని కింద ఒకటి. ఈ సంఖ్య ఎందుకు ఏ పరీక్షకూ దొరకదో చెప్పాను. సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలే దాంట్లో ఈ మూడూ ఎలా ఇముడుతాయో చూపించాను. దీన్ని కట్టిన పద్ధతి చెప్పాను. ఎవరు కట్టారో చెప్పలేదు. 506కు ముందు ఇదే పద్ధతిలో ఏవేవి పడతాయో కూడా రెండు మూడు రాసి చూపించాను, ఈ వారంలో వేసుకున్నవి. నోరు జారనని రాసుకుంటూనే వేసుకున్నాను మరి. బోర్డు ముందు నేను ఎప్పుడూ అంత బాగా మాట్లాడలేదు. మాట్లాడుతుంటేనే నాకు తెలిసింది. పరీక్షకుడి ఆవలింతలు పోయాయి, బల్ల మీదకు వంగి చూస్తున్నాడు.

"ఇదే కదమ్మా రాయాల్సింది!" అన్నాడు. "మరి ఈ నాలుగో అధ్యాయం?"

"నిలబడదండీ."

"ఎంతకాలం పడుతుంది తిరిగి రాయడానికి?"

"ఏడాది."

కార్యదర్శి గొంతు సవరించుకుని, పోస్టు ఏడాది ఖాళీగా ఉంచడం నిబంధనల్లో లేదని గుర్తుచేశాడు. తెలుసన్నాను. పరీక్షకుడు సారు వైపు చూశాడు, సారు కిటికీ వైపు చూశారు. థీసిస్ తిప్పి పంపాలని రాసి ముగ్గురూ సంతకాలు పెట్టారు. వెనక బంగారం గారు లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో తెలియదు.

వరండాలో సారు నా కోసం ఆగారు. ఆయన చేతిలో నా నల్ల అట్ట పుస్తకం ఉంది. ఇప్పుడు అంటారు అనుకున్నాను. ఆయన స్నేహితుడి ముందు పరువు తీశాను, ఆయన మాట కాదన్నాను, ఇక అంటారు. గుండె దడదడలాడింది. భయం కాదు అది. రాసేస్తున్నాను, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను, అది ఆశ.

"అలసిపోయావు. ఇంటికెళ్లి పడుకోమ్మా" అన్నారు.

"సారూ, తిట్టండి."

"ఏంటమ్మా?"

"ఒక్కసారి తిట్టండి సారూ. ఐదు భాగహారాలు చెయ్యలేదు నేను. అలాంటి దాని మీద అధ్యాయం రాశాను. బంగారం గారు రాస్తే మీరు ఈ పుస్తకం కిటికీలోంచి విసిరేసేవారు. నన్నూ అనండి. గాడిదా అనండి."

దారిన పోయే పిల్లలు తిరిగి చూస్తున్నారు. ఆయన నవ్వారు, మంచి మనిషి నవ్వే నవ్వు. పుస్తకం నా చేతిలో జాగ్రత్తగా పెట్టారు.

"నిన్నెందుకు తిడతానమ్మా" అన్నారు.

ఆయన మెట్లు దిగి వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి అక్క వంట చేసి కంచాలు పెట్టి కూర్చుని ఉంది. ముఖం చూసి అడిగింది, చెప్పాను. గరిటె కింద పెట్టింది.

"ఏమే, నీకసలు బుద్ధుందా? నిజం చెప్పాలని అంత దురదగా ఉంటే ఆర్డరు చేతికొచ్చాక చెప్పేదానివి! వచ్చే ఏడు ఏం తింటామే ఇద్దరం, నీ మూడు ముక్కలూ వండుకుంటామా? అసలు ఐదంటే ఐదు భాగహారాలు చెయ్యడానికి చేతులు పడిపోయాయా నీకు? ఆయన ఆపమంటే ఆపేస్తావా? ఎందుకు ఆపాలని అడగవా? రోజుకి వెయ్యిమంది లైను కలపమని నన్ను పీక్కుతింటారు, వాళ్లలో ఒక్కడైనా నేను ఆగమన్నానని ఆగుతాడా? ఇన్నేళ్లు లెక్కలు చదివి ఏం ఉద్ధరించావే? అంత తెలివి పెట్టుకుని, నోట్లో వేలు పెట్టినా కొరకలేని దానిలా ఆ మనిషి ముందు నిలబడ్డావు! పైగా తిట్టమని అడుక్కున్నావా? ఆయన్నా? ఆయనెవరే నిన్ను తిట్టడానికి?"

చాలాసేపు తిట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, గ్లాసెడు నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోయింది. నేను కంచం ముందు నుంచి లేవలేదు. ప్రతి మాటా విన్నాను.